మెరుగు పెట్టే కుంచె

రెండుబన్నుల అవ్వ ఆ రోజు బన్నులు తీసుకోకుండా వెళ్లిపోయింది.

వానలు అప్పుడే పట్టుకున్నాయి. ఆవిడకు ఆ పేరు పెట్టింది మా అత్త, అంటే నాన్నకు అక్క. అవ్వ రోజూ పొద్దున్నే మా బేకరీకి వచ్చి రెండు బన్నులు తీసుకునేది. ఒకటి తనకు, ఒకటి మనవడికి. ఆ రోజు గొడుగు మూసి, నీళ్లు దులిపి, ట్రేలోంచి ఒక బన్ను తీసి తిరగేసింది. అడుగు చూసింది. మళ్లీ తిప్పి పైన చూసింది.

"ఏం వెతుకుతున్నావవ్వా?" అని గల్లా దగ్గర నుంచి అడిగాను.

"ముద్ర. ఎదుటి కొట్లో పొట్లాల మీద ఉంటుందట కదా, హలాల్ అని. మా కోడలు చూసి తెమ్మంది. మీవి హలాలేనా?"

నాన్న లోపల భట్టీ దగ్గర ఉన్నాడు. ఆ మాట ఎలా వినపడిందో, మోచేతుల దాకా పిండితో బయటికి వచ్చాడు.

"ముద్ర నా ముఖాన ఉంది, చూడవ్వా. మా నాన్న చేతి బన్ను తిన్నావు, నా చేతి బన్ను తింటున్నావు. ఇన్నాళ్లకి అడగాలనిపించిందా?"

"నేనెక్కడ అడిగాను నాయనా? మా కోడలు అడిగింది."

"అయితే మీ కోడలికి చెప్పు. ఈ భట్టీలో హరామ్ రవ్వంత పడలేదని. నమ్మితే తినమను. లేదంటే ఆ ముద్రే నాక్కోమను."

అవ్వ బన్నును ట్రేలో ఉన్నచోటే పెట్టింది. గొడుగు తెరిచి వానలోకి దిగింది. రోడ్డు దాటి ఎదుటి కొట్టు మెట్లెక్కడం నాన్నా చూశాడు, నేనూ చూశాను.

బన్నులమ్మే ఆ కొట్టు తెరిచిన దగ్గర నుంచి మాకు సాయంత్రానికి బన్నులు మిగులుతున్నాయి. మిగిలినవి మేమే తినేవాళ్లం. పొద్దున బన్ను, మధ్యాహ్నం బన్ను, టీలోకి బన్ను. "ఇంకొన్నాళ్లు తింటే మన ముఖాలకే మెరుగొస్తుంది" అనేది అమ్మ. రెండు పూటలా వెలిగే భట్టీ ఒక పూటకు వచ్చింది. ఆ పూట కూడా ఆరిపోతే ఏం చేయాలో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

అలాంటప్పుడు రోడ్డు చివర కడుతున్న ఆసుపత్రి నుంచి క్యాంటీన్ మేనేజరు వచ్చాడు. నిలబడే ఒక బన్ను తిన్నాడు. ఇంకోటి అడిగాడు. వానలు తగ్గేలోపు ఆసుపత్రి తెరుస్తారని, రోగులకూ సిబ్బందికీ రోజూ బన్నులూ బ్రెడ్డూ కావాలని, ఊరంతా తిరిగినా ఇలాంటి బన్ను తగల్లేదని చెప్పాడు. నాన్న స్టూలు వేసి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. టీ సగంలో ఉండగా మేనేజరు అన్నాడు:

"హలాల్ సర్టిఫికెట్ కాపీ ఒకటి ఇవ్వండి. ఫైల్లో పెట్టుకుంటాను."

"మా దగ్గర అలాంటివి ఉండవండి."

"అది లేకపోతే సరుకు మా స్టోర్ గుమ్మం దాటదండీ. రూలు. మీ పేరు రాసి పెడతాను. తెరిచేలోపు తెచ్చుకోండి."

ఆయన వెళ్లాక నేను, "అప్లై చేద్దాం నాన్నా" అన్నాను.

"రోజూ నమాజు చదివేవాడికి నువ్వు ముసల్మానువేనని ఎవడో వచ్చి కాగితం ఇస్తాడా?"

అత్త గుడ్లు కడుగుతోంది. తల ఎత్తలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, చిన్నప్పుడూ ఇంతే నువ్వు. పరీక్ష రాయకుండానే పాసయ్యానని ఇంటికొచ్చేవాడివి. నాన్న వీపు మీద ముద్రేస్తే గానీ నిజం బయటికొచ్చేది కాదు."

అమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న చూశాడు. నడుముకు కట్టుకున్న భట్టీ గది తాళంచెవి విప్పి పైకెత్తాడు.

"సరే రమ్మను. అణువణువూ వెతుక్కోమను. నా భట్టీలో కూడని వస్తువు ఒక్కటి చూపించారా, తాళం వేసి ఇదిగో, ఈ తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టేస్తాను."

"అంత మాటెందుకండీ?" అంది అమ్మ.

"అన్నానుగా. అన్నదే."

అక్కడి నుంచి మా ఇంటికి పెళ్లికళ వచ్చింది. సున్నం వేయించాం. కిటికీలకు జాలీ కొట్టించాం. అమ్మ డబ్బాలన్నీ బోర్లించి తోమడం మొదలుపెట్టింది. తోమినవే తోమేది. పక్క కొట్టు మాంసం కొట్టు. దాని యజమానిని మేం కత్తి బాబాయి అంటాం. ఆయన పొద్దుటి బేరం అవ్వగానే మా అరుగు మీదికి వచ్చి సలహాలు చెప్పేవాడు.

"నా కొట్టుకి ఆ కాగితం వచ్చి ఏళ్లయింది అన్నా. నీ సంగతే కష్టం. నా దగ్గరైతే ఒక్క మేక సంగతి చూస్తే చాలు. నీ బన్నులో ఎన్నెన్ని ఉన్నాయో చూడు."

నిజంగానే ఎన్నో ఉన్నాయి. బన్నులోకి పోయే ప్రతి వస్తువూ దేంతో తయారైందో, దాన్ని చేసినవాళ్ల దగ్గర నుంచి ఉత్తరం తెప్పించాలి. ఫోన్లు చేసే పని నాకు పడింది. ఈస్టుకు వచ్చింది. పిండిమరకు వచ్చింది. వనస్పతికి వచ్చింది. వెనీలా ఎసెన్సు దగ్గర బండి ఆగింది. అందులో సారా కలుస్తుందని కంపెనీవాడే ఫోన్లో చెప్పాడు.

"ఎంత?" అని నాన్న దూరం నుంచి అరిచాడు.

"ఎంతైనా సారా సారాయే కదండీ" అన్నాడు అవతలివాడు.

ఆ సీసా పారబోసి వెనీలా పొడి తెచ్చుకున్నాం. తర్వాత పిండి మెత్తబడడానికి కలిపే పొడి వంతు వచ్చింది. అలాంటి పొడుల్లో పడే సరుకు ఒక్కొక్కచోట ఒక్కొక్కదాంతో చేస్తారని, కొందరు బాతు ఈకలతో, కొందరు మంగలి కొట్లలో ఊడ్చిన జుట్టుతో కూడా తీస్తారని కంపెనీ అమ్మాయి ఫోన్లో చెప్పింది. నేను ఆ మాట పైకి అన్నాను. అత్త పని ఆపేసింది.

"జుట్టా? బన్నులో ఒక్క వెంట్రుక వస్తే ఊరంతా చెప్పుకుంటుంది. మనం డబ్బా కొని మరీ వేశామా?"

"ఉండత్తా, మన కంపెనీది కాదట. వీళ్లు చెరకు మడ్డితో చేస్తారట. ఉత్తరం పంపిస్తానంది."

"పంపించమను. రెండు పంపించమను."

ఉత్తరం వచ్చిన రోజు నాన్న గల్లా ముందు నిలబడి దాన్ని బిగ్గరగా చదివాడు. ఎదుటి కొట్టుకి వినిపించేలా. ఆ తర్వాత ఆయనలో ఉత్సాహం పొంగింది. రిహార్సల్ పెడదామన్నాడు. తనిఖీ ఆఫీసరు వేషం అత్త కట్టింది. కత్తి బాబాయి కళ్లజోడు ముక్కు మీద పెట్టుకుని భట్టీ గదిలోకి అడుగుపెట్టింది.

"పేరు?"

"అక్కా, నా పేరు నీకు తెలీదా?"

"మేడం అనాలి. ఈ డబ్బాలో ఏముంది?"

"పంచదార, మేడం."

"ఉప్పు కాదని రుజువేంటి?"

నాన్న చిటికెడు తీసి అత్త నాలుక మీద వేశాడు. అత్త ముఖం చూసి మాకు అర్థమైంది. ఉప్పే. డబ్బాలు తోమి పెట్టేటప్పుడు అమ్మ మూతలు మార్చేసింది. మూతల మీదే పేర్లు ఉంటాయి.

"నీ పెళ్లాం నిన్ను ఫెయిల్ చేయించేలా ఉందిరా" అంది అత్త ఉమ్మేస్తూ. కత్తి బాబాయి అరుగు మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. అందరం నవ్వాం. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆ రాత్రి నుంచి ఇంకా ఎక్కువగా సర్దడం మొదలుపెట్టింది.

తనిఖీ రోజు వచ్చినావిడ నాన్నకన్నా వయసులో చిన్న. రెయిన్‌కోటు బయట వంకీకి తగిలించి, చెప్పుల బురద గోనెపట్టాకు తుడిచి లోపలికి వచ్చారు. అమ్మ టీ తెచ్చింది.

"ఏమీ అనుకోకండి. పని మీద వచ్చినప్పుడు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను."

మేడం పిండిబస్తా మీది రాత చదివారు. ఉత్తరంతో సరిచూశారు. ఈస్టు డబ్బా తిప్పి చూశారు. వనస్పతి టిన్ను అడుగున గోరుతో గీకారు. చెత్తబుట్టలోకి తొంగిచూశారు. ఉత్తరాలన్నీ నేను వరుసలో పెట్టాను. ఆవిడ అడిగేలోపే అందించేదాన్ని. నాన్న ఆవిడ వెనకే తిరుగుతూ అడగనివి కూడా చెబుతున్నాడు. అరగంట గడిచేసరికి ఆయన గొంతు పెరిగింది. పిట్టగోడ మీంచి కత్తి బాబాయి తల కనిపించింది. నేను బొటనవేలు ఎత్తి చూపించాను.

"మెరుగు పెట్టడం కూడా ఒకసారి చూపిస్తారా?" అన్నారు మేడం.

అది అత్త పని. కాల్చబోయే ముందు బన్నుల మీద గుడ్డుసొన పూయాలి. మా బన్నుకు ఊళ్లో పేరు తెచ్చింది ఆ మెరుగే. అత్త గిన్నె ముందుకు లాక్కుని కుంచె అందుకుంది. అది నీలం రంగు ప్లాస్టిక్ కుంచె. నేను అంతకు ముందు చూడలేదు. అత్త ముంచి పూసింది. సొన చారలుగా కారింది.

మేడం కుంచె వంక చూశారు. పిడి మీద కొట్టువాడి ధర చీటీ ఇంకా ఉంది. తర్వాత పొద్దున కాల్చిన, నిగనిగలాడే బన్నుల ట్రే వంక చూశారు.

"అమ్మా, వీటికి మెరుగు పెట్టింది కూడా ఈ కుంచెతోనేనా?"

అత్త అబద్ధం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడూ చెప్పలేదు. అమ్మ వంక చూసింది.

"మన కుంచె ఏది?" అన్నాడు నాన్న. ఆయనకు నిజంగానే తెలియదు.

"చూడ్డానికి బాగా లేదనీ..." అమ్మ గొంతు తగ్గించింది. "ఎవరైనా వచ్చినప్పుడు అది కనపడితే ఏం బాగుంటుందనీ... పరుపుల కింద పెట్టాను."

నాన్నే వెళ్లి తెచ్చాడు. చెక్క పిడి, రాగితీగ చుట్టిన మెడ, పొట్టిగా అరిగిన వెంట్రుకలు. మా తాతది. అత్త దాన్ని రోజూ వేన్నీళ్లతో కడిగి, గుడ్డతో ఒత్తి, మేకుకు తగిలించేది. నాన్న దాన్ని బల్ల మీద పెట్టి, "ఇదీ మా కుంచె" అన్నాడు. ఆయన ముఖంలో అప్పటికీ సంతోషమే ఉంది.

మేడం వెంట్రుకలను వేలితో వంచి వదిలారు. అవి టక్కున లేచి నిలబడ్డాయి.

"ఏ జంతువువి ఇవి?"

నాన్న నోరు తెరిచాడు. ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర జవాబుంటుంది.

"మా నాన్న కొన్నది."

"ఎక్కడ కొన్నారు?"

"తెలీదు."

"పంది వెంట్రుకలతో చేసే కుంచెలు బజార్లో ఉంటాయండీ. గట్టిగా ఉంటాయి, సొన బాగా పట్టుకుంటాయి. ఇది అదేనని నేననడం లేదు. కాదని మీరు చెప్పగలరా?"

వాన రేకు మీద పడుతోంది. పిట్టగోడ మీది తల కిందికి దిగిపోయింది. నాన్న కూడా వెంట్రుకలను వేలితో వంచి వదిలాడు.

"చెప్పలేను" అన్నాడు.

బన్నులోకి ఏం పోతుందో అందరం వెతికాం. బన్నును ఏం తాకుతుందో ఎవరం చూడలేదు. అది రోజూ కళ్ల ముందు మేకుకే వేలాడింది.

నాన్న నడుముకున్న తాళంచెవి విప్పాడు. కుంచె పక్కన పెట్టి మేడం వైపు జరిపాడు. అమ్మ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

"ఇదేంటి?"

"భట్టీ తాళం. మాటన్నాను."

"నేను తాళాలు తీసుకోనండీ" అన్నారు మేడం. తాళంచెవి తీసి, రాసుకోవడానికి చోటు చేసుకుని, మళ్లీ ఆయన ముందే పెట్టారు. "కావాలంటే కుంచె పరీక్షకి పంపించండి, తెలుస్తుంది. లేదంటే తీసేయండి. అది తాకిన ట్రేలు, గిన్నెలు, బల్లలు అన్నీ మా పద్ధతి ప్రకారం ఏడుసార్లు కడగాలి. అందులో ఒకసారి మట్టి కలిపిన నీళ్లతో. అప్పుడు పిలవండి, వస్తాను."

"మరి ఇంతకాలం తిన్నవాళ్ల మాటేంటండీ?"

ఆవిడ కలం మూత పెట్టారు.

"తెలియనప్పటి సంగతి నేను తనిఖీ చేయలేను. తెలిశాక ఏం చేస్తారో చూడ్డానికే మళ్లీ వస్తాను."

ఆవిడ రెయిన్‌కోటు వేసుకుని వెళ్లాక అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. "నువ్వు దాచకపోయినా అడిగేదే కదే" అన్నాడు నాన్న. లేచి కొట్టు ముందుకు వెళ్లాడు. వేడి బ్రెడ్డు ఎప్పుడు వస్తుందో రాసే పలక ఉంటుంది మా గుమ్మం దగ్గర. తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్కతో రాశాడు. ఆయన చేతిరాత పెద్దది. రోడ్డు అవతలికి కూడా కనపడుతుంది.

'మా మెరుగు కుంచె ఏ వెంట్రుకలతో చేశారో మాకు తెలియదు. ఇంతకాలం అడగలేదు. తీసేశాం. అన్నీ కడిగే దాకా కొట్టు మూసి ఉంటుంది.'

"నాన్నా, ఇది ఎందుకు? కడిగేసి తెరుద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"ఇంటి గుట్టు ఎవరైనా పలక మీద రాస్తారా అండీ?" అంది అమ్మ ముక్కు తుడుచుకుంటూ.

"ఇంటి గుట్టు కాదే. ఊళ్లోవాళ్ల నోటి ముద్ద. నేను తినిపించాను, నేను చెప్పొద్దూ?"

సాయంత్రానికి పలక ముందు జనం చేరారు. ఒకాయన నాన్నను పేరు పెట్టి తిట్టి వెళ్లాడు. ఒకావిడ తన పిల్లలు పుట్టినప్పటి నుంచి మా బన్నులే తిన్నారని చెప్పి, ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. ఎదుటి కొట్టతను మెట్ల మీదికి వచ్చి చదివి లోపలికి వెళ్లాడు. రెండుబన్నుల అవ్వ వచ్చింది. చదువు రాదు కదా, నన్నే చదవమంది. చదివాను. అవ్వ "ఊఁ" అంది. గొడుగు పట్టుకుని తనదారిన తను పోయింది. నాన్న తలుపు సందులోంచి చూస్తున్నాడని నాకు తెలుసు.

మర్నాడు ట్రేలు పెరట్లోకి చేర్చాం. కడగడానికి మేం నలుగురం అనుకున్నాం. కత్తి బాబాయి తన కొట్టుకి కూడా తాళం వేసి లుంగీ ఎగ్గట్టి వచ్చాడు. వెనక వీధి నుంచి దర్జీ, ఆయన భార్య వచ్చారు. పిల్లలు పుట్టినప్పటి నుంచి అన్నావిడ తన బకెట్టు తనే తెచ్చుకుంది. వాన జోరుగా పడుతోంది. నీళ్లు తోడుకోవాల్సిన పని లేకపోయింది.

మట్టి కోసం నాన్న పెరట్లో ఒక మూల తవ్వాడు. రాళ్లున్నాయని కత్తి బాబాయి లోపలికి వెళ్లి జల్లెడ తెచ్చాడు.

"ఒరేయ్! పిండి జల్లెడతో మట్టి జల్లిస్తావా? దాన్ని ఇంకో ఏడుసార్లు కడగాలి!" అని అత్త చీపురు ఎత్తింది.

"నాకేం తెలుసక్కా? నా దగ్గర జల్లించేది ఏముంటుంది? మేకని జల్లిస్తామా?"

ట్రే చేతులు మారుతూ పోయేది. ఒకరు మట్టినీళ్లు పూస్తే ఒకరు తోమేవారు, ఇంకొకరు లెక్క చెప్పేవారు. లెక్క దర్జీకి అప్పగించాం. ఆయన కొలతలు తప్పడు. అయినా ఒకచోట నాలుగు తర్వాత ఆరు అన్నాడు. "మీరు కుట్టిన నా జాకెట్టు అందుకే బిగుతైంది!" అని అమ్మ అరిచింది. అమ్మ నవ్వడం తనిఖీ తర్వాత అదే మొదలు. అందరం నెత్తి నుంచి కాలి దాకా బురద. ఆ ఇనప ట్రేలు అంత తెల్లగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

అన్నీ అయ్యాక తవ్విన గుంట మిగిలింది. నాన్న కుంచె తెచ్చాడు.

"పరీక్షకి పంపిద్దామా అక్కా? ఏ జంతువుదో తెలుస్తుంది."

అత్త దాన్ని తీసుకుని రాగితీగ మీద బొటనవేలితో రుద్దింది.

"తెలిసి ఏం చేస్తాంరా? కడగాల్సింది కడిగాం." గుంట పక్కన కూర్చుంటూ అంది. "నాన్నకీ తెలిసుండదు."

గుంటలో పెట్టి తనే మట్టి కప్పింది.

కానీ భట్టీ వెలిగించాక అసలు చిక్కు వచ్చింది. నీలం కుంచెతో మెరుగు రావడం లేదు. బన్నులు చారలు చారలుగా కాలుతున్నాయి. అత్త మూడు ట్రేలు పాడుచేసి కుంచెను విసిరికొట్టింది.

"ఇది కుంచె కాదు, పళ్లూడిన దువ్వెన. దీంతో పూస్తే బన్నుకి ముఖం కడిగినట్టుంటుంది గానీ సోకు చేసినట్టుండదు."

ఆసుపత్రికి రంగులేస్తున్నారని, బోర్డు ఎక్కించారని రోజుకో కబురు వస్తోంది. మేనేజరు మెచ్చింది మెరుగున్న బన్నును. గుడ్డతో పూసి చూశాం. దూదితో చూశాం. కత్తి బాబాయి తన గడ్డం నిమురుకుంటూ అరుగు మీద కూర్చుని ఇదంతా చూశాడు. ఉన్నట్టుండి లేచి కొట్లోకి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక పొట్లం ఉంది.

"ఇదిగో అక్కా. వెన్ను మీదిది. మెత్తగానూ ఉంటుంది, వంగి లేస్తుంది."

నల్ల మేక వెంట్రుకలు. అత్త పొట్లం విప్పి, చేత్తో పట్టి, వెలుతురుకు పెట్టి చూసింది. వాటిని కడిగి, ఉడికించి, ఆరబెట్టింది. ఒకే పొడుగున కత్తిరించింది. కొత్త వెదురుముక్కకు దారంతో బిగించి, లక్కతో అతికించింది. ఇంట్లో ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మర్నాడు ఆ కుంచెతో పూసిన ట్రే భట్టీలోంచి బయటికి వచ్చినప్పుడు నాన్న దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లాడు. ప్రతి బన్ను మెరుగులోనూ కిటికీ కనపడింది.

"పిలువు ఆవిడని!" అని నాతో అన్నాడు. నేను అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాను.

మేడం వచ్చారు. ట్రేలు చూశారు, అంచుల్లో వేలు పెట్టి చూశారు. గుమ్మంలో పలక ముందు ఆగారు. రాసింది వానకు సగం చెరిగిపోయింది. మిగతా సగాన్ని చదివి లోపలికి వచ్చారు. చివరికి కుంచె దగ్గరికి వచ్చారు. మేమందరం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

"ఇది ఏ జంతువు?"

అత్త ఒక అడుగు ముందుకు వేసింది.

"మేక. నల్లది. ఎడమ చెవి మీద తెల్ల మచ్చ. సంతలో కొన్నాడు. మా పక్క కొట్లో పద్ధతిగా కోశాడు. కోసినాయన గోడ మీంచి చూస్తున్నాడు, పిలవనా? మాంసం ఎవరెవరు కొన్నారో కూడా చెబుతాడు. దర్జీవాళ్లింట్లో ఆ రోజు..."

"చాలమ్మా, చాలు" అన్నారు మేడం. ఆవిడ నవ్వగా చూడడం మాకు అదే మొదటిసారి. "కోసినాయన సర్టిఫికెట్ కాపీ ఒకటి ఇప్పించండి."

కాపీ గోడ మీంచే వచ్చింది.

మా కాగితం వచ్చిన రోజు వాన తెరిపి ఇచ్చింది. నాన్న దాన్ని గల్లా వెనక గోడకు కొట్టాడు. వంకరగా ఉందని అమ్మ, లేదని నాన్న కాసేపు వాదించుకున్నారు. కాగితం కాపీ తీసుకుని నేను ఆసుపత్రికి పరిగెత్తాను. మేనేజరు దాన్ని ఫైల్లో పెట్టుకుని, "రేపటి నుంచి మా వ్యాను వస్తుంది. ఇచ్చేవి లేటు చేయకండి" అన్నాడు. తిరుగుదారిలో చెప్పులు చేత్తో పట్టుకుని ఉరికాను.

మర్నాడు భట్టీ చీకటితోనే వెలిగింది. తలుపు తీసేసరికి అరుగు మీద జనం. తిట్టి వెళ్లినాయన కూడా ఉన్నాడు. అందరికన్నా ముందు రెండుబన్నుల అవ్వ. ఈసారి ఆవిడ బన్నును తిరగెయ్యలేదు. రెండు తీసి సంచిలో వేసుకుని వెనక్కి తిరిగింది.

"అవ్వా!" నాన్న లోపల నుంచి వచ్చాడు. మోచేతుల దాకా పిండి. "అడక్కుండా పోతున్నావేం?"

"ఏమడగాలి నాయనా?"

"ఆ రోజు అడిగావే, అది."

"గోడకి కాగితం కొట్టావట కదా. మా మనవడు చెప్పాడు."

"కాగితం సంగతి వదిలెయ్. దాని పని అది చేస్తుంది. నువ్వు అడుగు."

అవ్వ వెనకున్న జనాన్ని చూసింది. నన్ను చూసింది. ఈయనకేమైనా అయిందా అన్నట్టు చూసింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"అబ్బాయ్, మీ బన్నులు హలాలేనా?"

నాన్న గల్లా పక్క అడ్డచెక్క ఎత్తాడు.

"లోపలికి రా, చూపిస్తాను."

గొడుగు ఆవిడ చేతిలోంచి తనే తీసుకున్నాడు. చెయ్యి పట్టుకుని భట్టీ గదిలోకి తీసుకెళ్లాడు. "ఇదీ పిండి. ఇదిగో మరవాళ్లిచ్చిన ఉత్తరం" అని వినపడింది. తిట్టినాయన కూడా తల వంచి అడ్డచెక్క కింద నుంచి లోపలికి దూరాడు. ఆయన వెనక ఇంకెవరో దూరారు. మేక చెవి మీద మచ్చ గురించి అత్త గొంతు మొదలైంది. గల్లా ముందు వరుస రోడ్డు మీదికి పోయింది. ఆసుపత్రి వ్యాను హారన్ కొడుతోంది. లోపల నుంచి ఏదో మాడుతున్న వాసన వచ్చింది.

"ఏమండీ! రెండో ట్రే!" అని అమ్మ అరిచింది.

"ఉండవే" అన్నాడు నాన్న లోపల నుంచి. "ఇంకా ఈస్టు దగ్గరే ఉన్నాం!"